అమెరికా చరిత్రమున జూలై నాలుగవ తేది
(మన సంఘ వార్షిక మహాసభ మొదటి దినమున తార్నాకలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో కొంతసేపు మాటలాడవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. విషయమును గూడ వారే నిర్ణయించిరి. మన వసతిగృహములోని పిల్లలు కొందరు చదువునకై అమెరికాకు పోనున్నారు. కొందరి యన్నలును అక్కలును ఇదివరకే యక్కడ నున్నారు. ఆ దేశమువారి పెద్దపండుగ జూలై నాలుగవ తేది గనుక దానిని గూర్చి చెప్పుడనిరి. శబ్దమంజరి వల్లె వేయించిన పంతులునకు అమెరికా చరిత్రమేల యని వెనుక వరుసలో నవ్వు వినబడుచున్నది. ఆ నవ్వువారిలో మా శిష్యులే కొంద రుందురు. వారి గొంతులు మాకు గుర్తే.

అమెరికా చరిత్రము చదువుటకు మేము సముద్రము దాటవలసిన పని లేకపోయినది. తార్నాక కూడలినుండి నడచిపోయినచో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము కలదు గదా. 1918లో నిజాము ఫర్మానుతో ఉర్దూ బోధనాభాషగా పుట్టిన ఆ విశ్వవిద్యాలయమున, 1964లో అమెరికను స్టడీస్ రీసర్చి సెంటరు అను పేర నొక సంస్థ వెలసెను. దాని పుట్టుక విచిత్రమైనది. 1954లో అధ్యక్షుడు ఐసన్‌హోవరు సంతకము చేసిన పబ్లిక్ లా 480 అను శాసనము ప్రకారము మనకు అమెరికా గోధుమలు వచ్చెడివి. వానికి మనము డాలర్లు గాక రూపాయలు చెల్లించితిమి. ఆ రూపాయలు ఈ దేశముననే వ్యయపడవలసినవి. అందు కొంతభాగము విద్యాకార్యములకు పోయెను. మా తరమువారు బాల్యమున తిన్న ఆ యెఱ్ఱగోధుమ రొట్టెల వెలయే పుస్తకములై ప్రాంగణమున బీరువాల నిండెనన్నమాట. దేశమునలుమూలలనుండి అధ్యాపకులు వచ్చి అక్కడ బసచేసి చదువుకొనిపోయెడివారు. తరువాత ఆ సంస్థ పేరు రెండు మారులు మారి, ఉస్మానియా విశ్వవిద్యాలయ అంతర్జాతీయ కార్యక్రమ కేంద్రమైనది. మేము యువకులమై యున్నప్పుడు ఒక కళాశాలాధ్యాపక మిత్రుని వెంట ఆ గ్రంథాలయమునకు పోయి, సాయంకాలములు గడపితిమి. ఇప్పుడు చెప్పబోవునందు చాలభాగము అక్కడి భిక్షయే.

ఒక్క తేదిని పట్టుకొని ఆనాడు జరిగినవానినెల్ల వరుసగా చెప్పుట బడిలో నల్లబల్లపై వ్రాయు అలవాటు. అందు వినోదమేగాని విమర్శ తక్కువ. మనవారు న్యాయములలో కాకతాళీయ న్యాయమని యొకటి చెప్పుదురు. కాకి తాటిచెట్టుపై వ్రాలుటయు, తాటిపండు రాలుటయు ఒక్కక్షణముననే జరిగిన, కాకివలననే పండు రాలెనని భ్రమపడుదుము. తేదుల కలయికలు తఱచుగా నిట్టివే. కాని కొన్ని కార్యములు ఆ దినమే కావలెనని యెంచి చేసినవి, వానిని సంకల్పములనవలెను. జూలై నాలుగవ తేదిని గూర్చి చెప్పునప్పుడు ఈ రెంటిని వేఱుచేసి చూచినగాని రుచి తెలియదు.

మొదట 1776. ఆ దేశము బ్రిటిషువారినుండి విడిపోవుటకు ఫిలడెల్ఫియాలో కూడిన కాంగ్రెసు నిశ్చయించినది నిజమునకు జూలై 2వ తేదిని. ఆ మఱునాడు జాన్ ఆడమ్సు తన భార్యకు వ్రాసిన లేఖలో, రాబోవు తరములవారు జూలై రెండవ తేదినే పండుగగా చేసికొందురని నమ్మకముతో వ్రాసెను. ఆయన లెక్క రెండు దినములు తప్పినది! నాలుగవ తేదిని కాంగ్రెసు అంగీకరించినది ఆ నిశ్చయమునకు కారణములు చెప్పు ప్రకటనపత్రమును. ఆ రాత్రియే అది అచ్చుపడి ఊరూర పోయెను; తలపై నున్న తేది జనుల మనస్సున నిలిచెను. సభ్యులలో పెక్కుమంది సంతకములు చేసినది ఆగస్టు 2వ తేదిని. మన పంచాంగము ప్రకారము ఆ యేడు దుర్ముఖి నామ సంవత్సరము. పేరు చూచి ముహూర్తము పెట్టువారైనచో వాయిదా వేసియుందురు.

ఆ పత్రమునకు చిత్తుప్రతి వ్రాసినవాడు థామసు జెఫర్సను, ముప్పదిమూడేండ్ల వర్జీనియా భూస్వామి. దాని ప్రతిబింబమును ఆ గ్రంథాలయములో మేము చూచినప్పుడు మా కన్నులు నిలిచినవి కొట్టివేతలమీదనే. మనుష్యులు పుట్టుకచే సమానులనియు, వారి హక్కులను కాపాడుటకే ప్రభుత్వములున్నవనియు చెప్పు భాగము నిలిచినది. బానిసల వ్యాపారమును రాజు నెత్తిన నేరముగా మోపిన దీర్ఘభాగమును మాత్రము కాంగ్రెసు తొలగించెను. దక్షిణ కరొలీనా, జార్జియాలవారిని తృప్తిపఱచుటకే యది తీసివేయబడెనని జెఫర్సనే తరువాత వ్రాసికొనెను. అట్లు వ్రాసిన యాతడును తన జీవితకాలమున ఆఱువందలమందికి పైగా బానిసలకు యజమాని. ఇది వ్యాఖ్యానముచే సరిపుచ్చరాని వైరుధ్యము. దీనిని మఱుగుపఱచి ఆ పండుగను పొగడువారును, దీని నొక్కదానినే చెప్పి ఆ వాక్యమును పారవేయువారును మా దృష్టిలో సగము చదివి పుస్తకము మూసినవారు. వాక్యము కర్తను మించిపోవుట కలదు.

ఇక కాకతాళీయములకు వత్తము. సరిగా ఏబదియేండ్లకు, 1826 జూలై 4వ తేదిని, మధ్యాహ్నము దాటిన కొలదిసేపటికి జెఫర్సను వర్జీనియాలోను, సాయంకాలము ఆడమ్సు మసచూసెట్సులోను కన్నుమూసిరి. ఒకరికి 83, ఒకరికి 90. ఇరువురును అధ్యక్షపదవి వహించినవారు, స్నేహితులై, శత్రువులై, వార్ధక్యమున లేఖలతో మరల స్నేహితులైనవారు. జెఫర్సను ఇంకను బ్రతికియే యున్నాడని పలికి ఆడమ్సు ప్రాణము విడిచెనందురు. అయిదేండ్లకు, 1831లో, అదే తేదిని అయిదవ అధ్యక్షుడు మన్రో పోయెను. ఆ కాలపు అమెరికావారు దీనిని దైవసంకేతమని యెంచిరి. మనవారైనను అట్లే యెంచియుందురు. 1826 వ్యయ నామ సంవత్సరము. ఈ పేరును జ్ఞాపకముంచుకొనుడు, మఱల వచ్చును.

మన దేశమునకును ఈ తేదితో ఇట్టి పొత్తులు కలవు. 1893 ఫిబ్రవరిలో సికిందరాబాదు మహబూబు కళాశాలలో పాశ్చాత్యదేశ యాత్రను గూర్చి ప్రసంగించి, ఆ యేడే అమెరికాకు పోయిన వివేకానందస్వామి, 1898లో కాశ్మీరమున నుండగా అమెరికా శిష్యులకొఱకు జూలై నాలుగును గూర్చి యొక కవిత వ్రాసెను; 1902లో ఆ తేదినే సిద్ధిపొందెను. అల్లూరి సీతారామరాజు 1897లో ఆ తేదిని పుట్టెను. మన జెండాకు రూపకల్పన చేసిన పింగళి వెంకయ్య 1963లో ఆ తేదిని గతించెను; ఆయన పుట్టినది ఆగస్టు 2, అనగా పైని చెప్పిన సంతకముల దినము. ఇవి ముచ్చటలు. వీనినుండి యేమియు రాబట్టరాదు.

సంకల్పముల మాట వేఱు. న్యూయార్కు రాష్ట్రము తన గడ్డపై బానిసత్వమును తుదముట్టించుటకు 1827 జూలై 4ను గడువుగా పెట్టుకొనెను. విడుదల పొందిన నల్లవారు చాలమంది ఉత్సవమును అయిదవ తేదిని చేసికొనిరి. తెల్లవారి పండుగ మఱునాడు తమ పండుగ. 1852లో రోచెస్టరు పట్టణమున స్త్రీల బానిసత్వ వ్యతిరేక సంఘమొకటి ఫ్రెడరిక్కు డగ్లాసును ఉపన్యాసమునకు పిలిచెను. ఆ యేడు నాలుగవ తేది ఆదివారమగుటచే సభ అయిదవ తేదిని జరిగెను. డగ్లాసు బానిసగా పుట్టి, తప్పించుకొని పోయి, స్వయముగా చదువు నేర్చి మహావక్తయైన వాడు. ఆయన ముందుగా ఆ పత్రము వ్రాసిన పెద్దలను గౌరవించెను. పిదప, బానిసకు ఈ పండుగ యేమి చెప్పునని సభవారినే యడిగెను. వారి బూటకమును వారియెదుటనే విప్పి చూపెను. అయినను రాజ్యాంగమును తగులబెట్టుడని యనలేదు. అందలి మాటకు కట్టుబడుడనియే యనెను. పిలిచిన సభలో పిలిచినవారి తప్పును చెప్పుట యెంత కష్టమో ఉపన్యాసకులకు తెలియును.

1863లో అంతర్యుద్ధమున, మిసిసిపీ నదీతీరమందలి విక్సుబర్గు కోట నలువదియేడు దినముల ముట్టడి తరువాత జూలై 4ననే గ్రాంటు సేనాపతికి లొంగెను. ఓడినవారికి ఆ తేది చేదైనది. ఆ పట్టణమువారు చాలకాలము ఆ పండుగను చేయరైరి.

1876లో నూఱేండ్ల పండుగ. ఫిలడెల్ఫియాలో పత్రము పుట్టిన భవనము ముందే మహాసభ. స్త్రీల వోటుహక్కు సంఘమువారు తమ విజ్ఞాపనపత్రమును సమర్పించుటకు అనుమతి కోరిరి, దొరకలేదు. సూసను బి. ఆంథొనీయు మఱి నలుగురు స్త్రీలును ప్రవేశపు చీట్లు సంపాదించి లోపల కూర్చుండిరి. పాత పత్రమును చదువుట ముగిసినదో లేదో, లేచి వేదికకు నడచి, ఆంథొనీ తమ పత్రమును ఉపాధ్యక్షస్థానమున నున్న పెద్దమనుష్యుని చేతికిచ్చెను. ఆయన తెల్లబోయి తీసికొనెను. మరలివచ్చుచు వారు అచ్చుప్రతులను ఇరుప్రక్కల పంచిరి. బయట వాద్యగాండ్ర వేదిక యొకటి ఖాళీగా నుండగా ఆమె అక్కడ నిలిచి యెండలో దానిని చదివెను. ఒక స్నేహితురాలు గొడుగు పట్టెను. వోటుహక్కును దేశమంతట స్థిరపఱచిన పందొమ్మిదవ సవరణ 1920లో గాని రాలేదు. ఆంథొనీ 1906లోనే చనిపోయెను.

ఇక్కడ మా శాస్త్రమునకు సంబంధించిన చిన్నమాట. ఆ పత్రములోని మనుష్యశబ్దము ఇంగ్లీషున పురుషునికిని వర్తించును, మానవమాత్రునికిని వర్తించును. వ్రాసినవారు ఏ యర్థమున వ్రాసిరి? సంస్కృతమున మనకు ఏకశేషమను విధి కలదు. స్త్రీపురుషులను కలిపి చెప్పునప్పుడు పురుషవాచకమొకటియే మిగులును, స్త్రీవాచకము అందే యిమిడియుండును. 'పితరౌ' అనిన తండ్రులిద్దరు కారు, తల్లియు దండ్రియు. తల్లి కనబడదు, కాని అర్థమున నామె లేనిచో ద్వివచనమే పొసగదు. ఆంథొనీ వాదమును మేము ఈ భాషలో అర్థము చేసికొంటిమి. మేమును ఆ మాటలోనే యున్నాము, మీరు చదువుట నేర్వలేదని యామె చెప్పినది. ఆడమ్సు భార్య అబిగెయిలు 1776 మార్చిలోనే, క్రొత్త శాసనములు చేయునప్పుడు స్త్రీలను మఱువవలదని భర్తకు వ్రాసెను. ఆయన నవ్వులాటగా త్రోసివేసెను. ఆ నవ్వునకు జవాబు వచ్చుటకు 144 సంవత్సరములు పట్టినది.

ఇప్పుడు 1946. మరల వ్యయ నామ సంవత్సరము. జూలై 4వ తేదిని అమెరికా ఫిలిప్పీను దీవులకు స్వాతంత్ర్యమిచ్చెను. తమ పండుగనాడే వారికిని పండుగ కావలెనని దాతల కోరిక. పుచ్చుకొన్నవారు పదునాఱేండ్లు ఆ తేదిని భరించి, 1962లో తమ స్వాతంత్ర్యదినమును జూన్ 12కు మార్చుకొనిరి. 1898లో స్పెయినునుండి విడిపోయితిమని తాము ప్రకటించుకొన్న దినమది. ఇచ్చిన తేది యొకటి, తెచ్చుకొన్న తేది యొకటి. వారు చేసినది సబబే యని మాకు తోచును.

అదే నాడు, 1946 జూలై 4న, మన జనగామ ప్రాంతమున కడవెండి గ్రామములో దొడ్డి కొమరయ్య నేలకొరగెను. విసునూరు దేశముఖు వెట్టికిని దౌర్జన్యమునకును ఎదురు నిలిచిన సంఘమువారి ఊరేగింపుపై దేశముఖు మనుష్యులు తుపాకులు కాల్చిరి. గొఱ్ఱెలకాపరుల యింట పుట్టిన ఆ యువకుడు తెలంగాణ సాయుధపోరాటమున తొలి యమరుడని పేరుపొందెను. మనీలాలో జెండా యెగిరిన దినమున కడవెండిలో ఈ నెత్తురు పడుట కాకతాళీయమే. కొమరయ్యకు ఫిలడెల్ఫియా పేరు తెలిసియుండదు. కాని పుట్టుకచేత నొకడు మఱియొకని యింట ఊరక పాటుపడవలెనను నియమమును కాదనుట ఆ పత్రములోని మాటయే. దానిని సంతకములతో గాక ప్రాణముతో చెప్పినవాడాతడు. తార్నాకనుండి జనగామ ఎంత దూరము? రైలులో ఒకపూట ప్రయాణమైనను లేదు. మన పిల్లలలో జెఫర్సను పేరు తెలిసినవా రెందరు, కొమరయ్య పేరు తెలిసినవా రెందరని మేము వసతిగృహములో నడిగితిమి. ఆ లెక్క ఇచ్చట చెప్పము.

ఆ పండుగకు రెండు దినముల ముందు, 1946 జూలై 2న, అధ్యక్షుడు ట్రూమను లూస్-సెల్లరు శాసనమునకు సంతకము చేసెను. అంతవఱకు భారతీయుడు అమెరికాలో పౌరుడగుటకు వీలులేదు. 1923లో భగత్‌సింగ్ థిండు వ్యాజ్యెమున అక్కడి అత్యున్నత న్యాయస్థానము, చట్టములోని తెల్లవాడను మాటకు భారతీయుడు చెందడని తీర్పుచెప్పెను. అదే యేడు మన భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు బోస్టనులో దిగెను. కండరములకు శక్తినిచ్చు రసాయనములపై పరిశోధించెను; లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన వర్గమునుండి ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిను, పుండువ్యాధి కెదురు నిలుచు మెథొట్రెక్సేటు వెలువడెను. ఆ దేశపు రోగులకు అంత చేసిన వాడు అక్కడ పరదేశిగానే యుండి, 1948లో పౌరుడు కాకయే మరణించెను. లూస్-సెల్లరు శాసనము తెరచిన వాకిలియైనను ఎంతటిది? సంవత్సరమునకు నూఱుమంది. తలుపులు నిజముగా తెఱచుకొన్నది 1965 శాసనముతో. నేడు మన యింటింట నొక పిల్లవాడు డల్లాసులోనో న్యూజెర్సీలోనో యుండుట ఆ శాసనఫలమే.

1966లో, పరాభవ నామ సంవత్సరమున, అధ్యక్షుడు జాన్సను జూలై 4నాడు సమాచారస్వాతంత్ర్య శాసనమునకు సంతకము చేసెను. అంత ఇష్టముతో కాదు. సభయు నాడంబరమును లేకుండ టెక్ససులోని తన పొలమునందు చేసెను. ప్రభుత్వపు కాగితములను జనులు అడిగి చూడవచ్చునను ఆ సూత్రము మనకు 2005లో సమాచారహక్కు చట్టముగా వచ్చెను. మన సంఘసభ్యులలో పింఛను కాగితములకై ఆ చట్టము నుపయోగించినవారు ఈ సభలోనే కలరు.

2026తో ఆ పత్రమునకు 250 సంవత్సరములు. మరల పరాభవయే. ఇట్టి కాలమున, మన పిల్లలు అక్కడికి పోవుట సులభమని చెప్పి పంపలేము. 2025 జనవరి 20న క్రొత్తగా పదవికి వచ్చిన అధ్యక్షుడు, తాత్కాలికముగా నున్నవారికి అచ్చట పుట్టు బిడ్డలకు పౌరసత్వము లేదని ఆజ్ఞ వెలువరించెను. అది న్యాయస్థానముల కెక్కినది. ఆ సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటింపబడెను. తార్నాక యను పేరు తీగకంచెతోడి కాపలాఠాణానుండి, 'తార్', 'నాకా' యను మాటలనుండి వచ్చినదందురు. నాకా దగ్గఱ నిలిచినవానికి లోపలి పత్రములో నేమి వ్రాసియున్నదో తెలిసియుండుట మేలు. అందుకే పోవువారు ఆ పత్రమును, 1868లో చేర్చిన పదునాల్గవ సవరణమును చదివి పొండని మా సలహా.

మఱియొక మాట గూడ వారు తెలిసికొని పోవలెను. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధించు శాసనము చేసెను. ఆ యేటనే కాలిఫోర్నియా శాసనసభ అట్టి బిల్లును అంగీకరించినను గవర్నరు త్రోసిపుచ్చెను. మన దేశీయులలో కొందరు సియాటిల్ శాసనమునకు సంతోషించిరి. కొందరు అది తమ్మందఱిని అనుమానించుటయని నొచ్చుకొనిరి. మన మొక కులసంఘముగా ఇచ్చట కూడియున్నాము గనుక మాట మ్రింగుట తగదు. ఇట్టి సంఘములు వసతిగృహములు కట్టించెను, పల్లెపిల్లలకు పట్నములో పట్టెడన్నము పెట్టెను. మేమును అట్టి యన్నము తిన్నవారమే. ఆ పని గౌరవింపదగినది. పనిచేయుచోట తోటివాని యింటిపేరు విచారించి పీట దూరముగా వేయుట వేఱు పని. మొదటిదానిని మూటగట్టుకొని పొండు; రెండవదానిని శంషాబాదు విమానాశ్రయముననే వదలి పొండు.

చివరిమాట మన యింటిది. మన విద్యానిధి నియమావళిలో మూడవ నియమము, విదేశవిద్యకు సాయము 'ప్రతిభగల విద్యార్థులకు' అని చెప్పుచున్నది. ఆ నియమము వ్రాసిన పెద్దలు నేడు లేరు. సమితివారు ఇంతవఱకు దానిని బాలురకే యని చదువుచు వచ్చిరి. ఈ యేడు నలుగురు బాలికల దరఖాస్తులు అట్లే మరలినవి. విద్యార్థి శబ్దము పుంలింగమని వారి సమాధానము. లింగము పుంలింగమే, మేమును ఒప్పుకొందుము. ఏకశేషము మాట పైని చెప్పియుంటిమి. వ్యాకరణముతో తృప్తిపడని వారికి ఇంకొక యుపాయము కలదు: నియమములో 'విద్యార్థినీ విద్యార్థులకు' అని స్పష్టముగా చేర్చుటకు మేము తీర్మానమును వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చియున్నాము. రేపు ఉదయము పదిగంటలకు సర్వసభ్య సమావేశము. ఆ నాలుగు దరఖాస్తుల ప్రతులును అక్కడ బల్లపై నుండును. తీర్మానమును బలపఱచు సభ్యు డొకడు కావలెను. ఇప్పుడు లేచి పేరు చెప్పినచో వ్రాసికొందుము.